ఎనిమిది వందల మీటర్లు

మ్యాపు మీద స్టేషన్ ఒక చుక్క.
ఆ చుక్క చుట్టూ ఇంజనీర్ ముహన్నద్
ఎర్ర పెన్నుతోని సున్నా చుట్టిండు.
ఎనిమిది వందల మీటర్లు,
మనిషి పది నిమిషాల్ల నడిచే దూరమట.
ఏ మనిషి, ఏ నెలల, నెత్తి మీద ఎంత బరువుతోని
అని అడుగుడు నా పని కాదు.
అద్దం బిగించిన కర్రను నిట్టనిలువుగ పట్టుకొని
బుడగ నడుమకు వచ్చేదాక ఊపిరి బిగబట్టుడు నా పని.
అవతల మూడుకాళ్ల మీద నిలబడ్డ యంత్రం పేరు సుత స్టేషనే.
ఈ ఇసుకల ఇప్పటిదాక నేను చూసిన స్టేషన్ అదొక్కటే.

ఇంటర్నేషనల్ సిటీల
బిల్డింగులకు దేశాల పేర్లు పెట్టిండ్రు.
మా అర్ర పర్షియాల ఉండె.
బియ్యం చైనాల తెచ్చుకుంటుంటిమి,
జుట్టు ఫ్రాన్సుల కత్తిరిపిచ్చుకుంటుంటిమి.
లింబాద్రన్నకు పన్ను నొచ్చిన రాత్రి
రష్యా దాటి ఇంగ్లాండు దాక నడిచినం,
పాస్‌పోర్టులు కంపెనీ బీరువాల ఉండంగనే.

రైలు ముందా, ఇల్లు ముందా?
చాయ్ గ్లాసులు పట్టుకపోయినప్పుడు విన్న,
మీటింగుల పెద్దోళ్ల పంచాయితీ అదే.
ఇండ్లు లేవాలంటే రైలు వస్తదని చెప్పాలె,
రైలుకు పైసలు పుట్టాలంటే ఇండ్లు లేస్తయని చూపాలె.
ఇత్తు ముందా చెట్టు ముందా అన్నట్టు,
ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకొని
రెండూ కాయితం మీదనే నడుస్తున్నయి.
తప్పని నేననను.
నాకూ రైలంటే ఇష్టమే.
రెండు బస్సులు మారి పనికి పోయి
నిలబడి నిద్రపోవుడు నేర్చినోణ్ణి.

గోడ మీద ఇంకో పట్టిక ఉండె.
సున్నా లోపల, రెండువేల నలభై నాటికి
ఇరవై ఆరు వేల జనం,
ఇంటికి సగటున రెండు పాయింట్ మూడు.
మా అర్రల ఎనిమిది మందిమి.
ఆ పాయింట్ మూడు ఎవరో
ఎన్ని తీర్ల లెక్క కట్టినా తేలలే.
తిల్‌బహదూర్‌ది రాత్రి డ్యూటీ, పగలు పండుకుంటడు,
వాన్ని అండ్ల రాసిండ్రేమో.

సున్నా గీత మా బిల్డింగుకు ఎక్కడ తాకుతదో
నేనే కొలిచిన.
మేం లోపలనే, గీతకు నలభై మీటర్లు లోపల.
ఆ రాత్రి అర్రల లాటరీ తగిలినట్టు చెప్పిన.
వాచ్‌మన్ కుంజుమోన్ సమోసాలు తెచ్చిండు.

నెల తిరగలే.
స్తంభాలకు అంటించిన కాయితాలు మారినయి:
మెట్రోకు దగ్గర, ఫ్యామిలీలకే.
మెట్రో యాడున్నదిరా అంటే
నేను కొట్టిన మేకులు నాలుగున్నయి, గంతే.
రైలు రాలే.
దాని కిరాయి వచ్చి మా తలుపు కొట్టింది.
కింది మంచం ఏడు వందలకెల్లి పదకొండు వందలైంది,
పై మంచం ఉంటదో తీస్తరో తెల్వదు.

ఒకపాలి చెప్పిన,
"సార్, మీ సున్నాల మా అర్ర ఉన్నది."
ముహన్నద్ మొఖం వెలిగింది.
"మబ్రూక్!" అని చెయ్యి కలిపిండు.
మంచోడే పాపం, ఎండకు నా కోసం గొడుగు సుత తెప్పించిండు.
షుక్రన్ అన్న.
ఇంకేమనాలె.

ఇప్పుడు షార్జా అవతల సజ్జాల ఉంటున్నం,
కంకర లారీలు రాత్రంత తిరిగే కాడ.
మూడున్నరకు లేస్త.
పర్షియాల దిగి, లేస్తున్న పిల్లర్ల దాక
మా పాత కిటికి కిందికెల్లే నడుస్త.
పది నిమిషాలే పడుతది, నిజమే,
ముహన్నద్ లెక్క తప్పలే.
ఆ కిటికికి ఇప్పుడు పరదా ఉన్నది,
పరదా మీద బాతుపిల్లలున్నయి.

నిన్న సజ్జాల
నీళ్ల ట్యాంకు ఎనుక, ఇసుకల
గులాబీ రిబ్బను కట్టిన చెక్కమేకు కనబడ్డది.
నేను కొట్టింది కాదు.
వంగి, చేత్తోని కదిపి చూసిన.
గట్టిగనే దిగింది.