చీకటి పడే కోణం

నాలుగింటికి ల్యాబు కిటికీ తెరిస్తే
సముద్రం ముందు చెమటై లోపలికొస్తుంది,
తర్వాతే గాలై.
అందుకే మూసి ఉంచమంటాడు దేముడు గారు.
కోరాడ దేముడు, రాళ్లు కోసే టెక్నీషియన్,
ఇంకా పదకొండు నెలల సర్వీసు.
గుమ్మంలో ఎవరైనా "దేముడున్నాడా?" అంటే
"టీకెళ్లాడు" అంటాం, నవ్వకుండా.

సూదిమొన మీద నా స్ఫటికం.
ఆవగింజలో సగం కూడా ఉండదు.
మధురవాడ అవతల రోడ్డు కోసం చీల్చిన కొండలో
సుత్తి దెబ్బకి రాలిన కార్డియరైట్ ముక్క.
అంటించింది గోళ్లరంగుతో.
పూర్ణా మార్కెట్లో ముప్ఫై రూపాయల సీసా,
నా గోళ్లకి ఒక్కసారీ వేసుకోలేదు.

నూనెబొట్టులో మునిగి, మైక్రోస్కోపు కింద
అది రంగులు మార్చుకుంటోంది:
ఇటు తిప్పితే వంగపువ్వు,
అటు తిప్పితే ఎండుగడ్డి.
ఒకే రాయి. వెలుగు ఏ వైపు ఊగుతూ వచ్చిందో
అదొక్కటే తేడా.

రెండో పోలరాయిడ్ అడ్డం పెట్టాను.
లోకమంతా నల్లగా అయింది, అది తప్ప.
ఇప్పుడు నేను వెతికేది వెలుగుని కాదు,
అది ఆరిపోయే కోణాన్ని.
సూదిని పది డిగ్రీలు తిప్పడం, బల్లని తిప్పడం,
ఆరగానే అంకె రాసుకోవడం.
మళ్లీ పది.
నోటుబుక్కు నిండా చీకట్ల చిరునామాలు.

"మా అయ్యకి దిక్సూచి నేదమ్మా,"
ఎమెరీ పొడి చేతులు దులుపుకుంటూ అన్నాడాయన.
"లైటుహౌసూ, దానెనక కొండకొమ్మూ
ఒక గీతలోకొచ్చీదాకా తెప్ప తిప్పీవోడు.
ఇటేపు రెండు తాడిసెట్లు ఒకటయ్యీదాకా.
రెండు గీతలూ కలిసినకాడ వలేత్తే సేప.
కలవకపోతే, ఉప్పునీళ్లు."

మొన్న నాకు దొరికింది ఉప్పునీళ్లే.
ఆకలేసి, ఆఖరి బస్సు గుర్తొచ్చి,
దాదాపు నల్లబడిన చోటే చాలనుకున్నాను.
రెజిన్‌లో పోసి, వజ్రపు పొడితో
కాగితమంత పల్చగా అరగదీసి
స్పెక్ట్రోమీటరులో పెడితే
ఏమీ ఉండకూడని దిక్కులో
చిన్న గూని లేచింది గీత మీద.
దేముడు గారు కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.
"నాలుగు డిగ్రీలు అబద్దమాడినావు."
అరగదీసిన రాయి వెనక్కి రాదు.

ఇది రెండో ముక్క.
ఒకసారి సూదిమీంచి రాలిపోయింది కూడా.
ఇద్దరం నేలకి చెంపలానించి
టార్చి వెలుగు అడ్డంగా వేసి
గంటంపావు వెతికాం.
దొరికినప్పుడు ఆయన పిల్లిలా నవ్వాడు.

ఈసారి బస్సుని పోనిచ్చాను.
నలుపు, ఇంకా నలుపు, మళ్లీ పల్చబడే నలుపు.
వెనక్కి అరడిగ్రీ.
ఊపిరి బిగపట్టాను, నూనె కదలకుండా.
ఆరింది.

వారం తర్వాత తెర మీద రెండు గీతలు.
ఎండుగడ్డి దిక్కులో ఏమీ లేదు,
ఆటుకి తడిసి ఆరిన ఇసకలా చదును.
వంగపువ్వు దిక్కులో ఒక్కటే శిఖరం, నిటారుగా.
రాతి సందుల్లో చిక్కుకున్న బొగ్గుపులుసు గాలి,
ప్రతి అణువూ ఒకే వైపుకి ఒరిగి.
దాని వైపు నిలబడి అడిగితేనే
ఉన్నానంటుంది.

"ఎప్పటి ఊపిరది?"
"వంద కోట్ల ఏళ్లు, సుమారుగా."
"అన్నేళ్లూ అడ్డంగానే తొంగున్నాదా?"
అని కాసేపు తెరనే చూసి,
లేచి వెళ్లి
కిటికీ తెరిచాడు దేముడు గారు.