నూనె వేయొద్దు

షువైఖ్‌లో మా గ్యారేజీ షట్టరు
పొద్దున ఆరింటికే చేయి పెడితే కాలుతుంది.
ఆగస్టు. మొన్నటి దుమ్ముగాలి ఇంకా
టూలుబాక్సు అరల్లో పిండిలా ఉంది.

అబూ మిషాల్ పాత కాప్రిస్ తెచ్చినాడు.
తెల్ల కారు. మందు తాగనని పళ్లు బిగించిన
ముసలోడి మాదిరి బానెట్.
"ఐదు రోజులైంది రేడియేటరుకు నీళ్లు పోసి" అన్నాడు
దాని ముట్టె మీద అరచేత్తో చరిచి.

ఓబులేసు వచ్చి మూడు నెలలు.
గడ్డపలుగంత స్క్రూడ్రైవరు పట్టుకొని సిద్ధం.
కింద పెట్టు, అన్నా.
తెరవని తలుపును పగలగొట్టేది దొంగోడు.
మనం ముందు అడగాల.

డాష్‌బోర్డు కింద పిడి. లాగి చూడు.
వదులుగా వచ్చేసిందా, జబ్బు తీగలో;
తెగన్నా ఉండాల, కొసన్నా ఊడి ఉండాల.
గట్టిగా వచ్చి ఆగిందా,
తీగ తన పని తాను చేస్తున్నట్టే,
అవతల కొక్కెం మాట వినడంలేదు.

వాడు లాగినాడు.
"రెండూ కాదన్నా. జిగురుగా వస్తాంది,
బెండకాయ పులుసులో గంటె తిప్పినట్టు."
వీడు పనికొస్తాడు, అనుకున్నా.

గోనెపట్ట మడిచి బానెట్ మీద వేసి
రెండు చేతులూ ఆనించి
ఒళ్లు బరువంతా ముందుకు వాల్చినా.
లాగు.
ఆపు.
లాగు.
ఏడోసారికి లోపలెక్కడో
మెటిక విరిచిన చప్పుడు.
బానెట్ రెండు వేళ్ల ఎత్తు లేచింది.

కొక్కెం చుట్టూ గ్రీజు, గ్రీజులో ఇసుక.
ఏండ్ల తరబడి ఒకదాన్నొకటి నమ్ముకొని
నల్లటి ముద్ద అయినాయి.
చేయి పెట్టిన ప్రతివాడూ ఇంత పూసి పోయినట్టుంది.
ఈ దేశంలో తడి పెట్టిన చోటికల్లా
దుమ్ము పిలవని చుట్టమై వచ్చి కూర్చుంటుంది.

పెట్రోలు, పాత టూత్‌బ్రష్షు, గంట సేపు.
స్ప్రింగు తేలింది. నాలుక కదిలింది.
తీగ మాత్రం గొట్టం మలుపులో నలిగి
ఏడు పోగుల్లో మూడు తెగి ముళ్లలా లేచినాయి.
కొత్తది వేసినాం, ఆ మలుపు విప్పి,
ఇంజను సెగకు జానెడు దూరంగా.
కొక్కెం బోల్టులు వదులు చేసి
నూలుపోగంత ఎడమకు జరిపినా.

అప్పుడు, తుడిచిన రేకు మీద,
మేకుతో గీసిన గీతలు.
ఓబులేసు టార్చి దగ్గరికి పెట్టినాడు.
తెలుగు!
వంకర అక్షరాలు. 'నూ' కొమ్ము రేకు అంచు దాకా పాకింది.
"నూనె వేయొద్దు."

ఎవరు? అబూ మిషాల్ చాలాసేపు ఆలోచించినాడు.
"ఎప్పుడో, ఫహాహీల్‌లో. పొట్టివాడు.
పని చేస్తూ కారుతో మాట్లాడేవాడు.
పేరు..." చేయి గాలిలో తిప్పినాడు.

ఎవరికని రాసినట్టు?
ఈ రేకు విప్పేవానికి ఈ లిపి వస్తుందని
ఏ ధైర్యంతో అనుకున్నాడు?
ఎవరికీ కాదేమో.
చెప్పి చెప్పి, వినేవాడు లేక
రేకుతో చెప్పుకున్నాడేమో.
దాని మీదే కదా అందరూ గ్రీజు పూసింది.
ఓబులేసు నవ్వబోయి ఆగినాడు.

గ్రాఫైటు పొడి ఊదినాం, చిటికెడు, విభూది పెట్టినంత.
జానెడు ఎత్తు నుంచి వదిలితే
బానెట్ ఒక్క మాటకే పడింది.
లాగితే ఒక్క మాటకే లేచింది.

అబూ మిషాల్ దినార్లు లెక్కపెడుతున్నాడు.
మేకు కోసం వెతికినా, దొరకలేదు.
ఓబులేసు తన గది తాళంచెవి చేతిలో పెట్టినాడు.
ఆ అక్షరాల కింద గీసినా:
"వేయలేదన్నా."