బాణం గుర్తు

ఆషాఢ పున్నమికి ముందు రాత్రి
మాధవధారలో మా వీధి నిద్రపోదు.
సింహాచలం కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు.
కైలాసపురం దాటి మా మలుపు దగ్గరికి వచ్చేసరికి
జనం కాళ్ళతో నడవరు,
పళ్ళ బిగువుతో నడుస్తారు.

దారి పొడుగునా మజ్జిగ పందిళ్ళు,
పులిహోర పొట్లాలు, మంచినీళ్ళ ప్యాకెట్లు,
మైకుల్లో అప్పన్న పాటలు.
ఇన్ని నీళ్ళు తాగిన ఆడవాళ్ళు
ఎక్కడికి పోతారో
ఏ పందిరీ అడగలేదు.

అడిగింది మా అమ్మ.
కేజీహెచ్‌లో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసిన దయామణి,
వార్డులు తుడిచిన చేతులతోనే
ఆదివారం ప్రభుబల్ల మీద తెల్లగుడ్డ పరిచే దయామణి
గేటు బార్లా తీసి
అట్టముక్క మీద నా చేత రాయించింది:
ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, లోపలికి రండి.

కింద ఇంకేమైనా రాయనా అన్నాను,
ఒక వాక్యం, పోనీ చిన్న సిలువ?
"బాణం గుర్తు వెయ్యి" అంది.
"చీకట్లో దారి తెలియాలి కదా."

సంఘ పెద్ద దేవవరం గారు స్కూటర్ ఆపి
హెల్మెట్ తీయకుండానే అన్నారు:
"వాళ్ళ మొక్కు తీరడానికి
మనం నీళ్ళు మొయ్యడమా దయామణమ్మా?
ఇదేనా సాక్ష్యం?"
అమ్మ బకెట్ దింపలేదు.
"బిగపట్టుకుని నడిచే మనిషికి
ఏ సాక్ష్యం ఎక్కుద్ది బాబూ" అంది.
ఆయన స్కూటర్ కదలడానికి
నాలుగు కిక్కులు పట్టింది.

తొమ్మిదికి మొదలైంది వరస.
నా చేతిలో టార్చి, అమ్మ చేతిలో చీపురు,
పదిమందికోసారి ఫినాయిలు.
హాల్లో క్యాలెండర్ మీద
గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరి
ఫ్యాన్ గాలికి ఊగుతూ ఉన్నాడు.
అమ్మ ఆయన్ని తీయలేదు, చూపించలేదు.

పదహారేళ్ళ పిల్ల ఒకతి
బయటకొచ్చి గోడకేసి తిరిగి ఏడ్చింది.
నెలసరి నాలుగు రోజులు ముందే వచ్చేసిందట,
ఇంత దూరం నడిచాక, ఇప్పుడు.
అమ్మ నా ప్యాకెట్ తెచ్చిచ్చి,
గ్లాసుడు వేణ్ణీళ్ళు తాగించి
"దీనికి దేవుడు మొహం తిప్పుకోడులే తల్లీ" అంది.
ఏ దేవుడో చెప్పలేదు.
ఆ పిల్లా అడగలేదు.
నడిచిందో, ఆటో ఎక్కిందో
మాకు ఇప్పటికీ తెలీదు.

అడవివరం అప్పలనరసమ్మ
తన వంతు రెండుసార్లు వదులుకుని
కడుపుతో ఉన్నవాళ్ళని ముందుకు పంపింది.
క్యాలెండర్ వంక చూసి
"ఏటమ్మా, కిరస్తానీలా మీరు?"
"అవును. ఆ మెట్టు చూసుకో, విరిగింది."

మూడున్నరకి ట్యాంకు ఖాళీ.
పక్కింటి సత్తిబాబు గారు
గోడ మీంచి పైపు విసిరారు,
ఆ గోడ తనదేనని
మూడేళ్ళుగా కోర్టుకెళ్తానంటున్న మనిషి.
"నీళ్ళ సంగతి వేరు, గోడ సంగతి వేరు" అని
అక్కడే నిలబడి చెప్పారు కూడా.

ఆదివారం గుడిలో
సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది.
ఉద్యోగం వచ్చినవాళ్ళు లేచారు,
జ్వరం తగ్గినవాళ్ళు లేచారు.
అమ్మ లేవలేదు, గురక పెడుతోంది.
ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి
ఏమిటీ వాసన, అన్నారు.

బుధవారం కుంటుకుంటూ వచ్చింది అప్పలనరసమ్మ.
గడప అవతలే నిలబడి
సంచిలోంచి అనాసపండు తీసింది.
"పెసాదం మీరు తినరని నాకెరికేనమ్మా.
ఇది దేముడికి సూపించనేదు.
మొక్కనించి సూటిగా మీకే తెచ్చినాను."

అమ్మకి మాట రాలేదు.
కత్తిపీట దగ్గర పెట్టింది, తీసింది,
మళ్ళీ పెట్టింది, తీసింది.
కొయ్యడానికి రెండు రోజులు పట్టింది.
ఆ రెండు రోజులూ
మా ఇల్లు ఫినాయిలు వాసన మరిచిపోయింది.