కూసింత తూర్పుకి

ఒడియాలో వచ్చే తుఫాను వార్తని
మా నోలియా వీధికి తెలుగులో చెప్పడం నా పని.
జీతం లేదు. ఒక పసుప్పచ్చ జాకెట్టూ,
గీపెట్టే మైకూ ఇచ్చారు.

ఇవాళ మధ్యాహ్నం చెప్పాను:
పైనున్న పాత ఉపగ్రహాన్ని
మన సముద్రం మీదికి జరిపారంట.

వల అల్లుతున్న దండాసి తాత
నైలాన్ దారం పళ్లతో తెంపి అడిగాడు,
"జరపడమంటే? తెడ్డేసి తోసీసినారేటి?"

గోపాల్‌పూర్ రాడార్ ఆఫీసు కుర్రాడు
నాకు చెప్పిందే చెప్పాను.
తూర్పుకి పోవాలంటే ఎదురుకి ఊదాలి తాతా.
వేగం తగ్గి కాస్త కిందికి దిగుద్ది.
కింద దారి పొట్టిది,
అందుకని భూమి కన్నా ముందు పడుద్ది.
చోటు చేరాక మళ్లీ ఊది పైకెక్కాలి,
లేకపోతే పోతూనే ఉంటాది.

నవ్వుతాడనుకున్నాను.
"ఒడ్డువారన ఒరవడి జోరుగుంటే
లోతొగ్గేసి ఇటు దిగిపోమా మనం? అదీ అంతే."
కాసేపాగి,
"నూనెక్కడ పోస్తారు?"

పొయ్యరు. పంపిననాడు పోసిందే.
ఊదినప్పుడల్లా
దాని ఆయుష్షులో కొన్ని నెలలు పోతాయి.

సూది ఆగింది.
"అయితే మనకోసం కర్సైపోతందన్నమాట."

మనకోసమా?
అది చూసేది మేఘం నడినెత్తి.
తెల్లటి సుడి, మధ్యలో నల్ల కన్ను.
ఆ కింద తడిసే రేషన్ కార్డులు దానికి తెలీవు.
పైగా అది కదిలిననాటికి
ఈ తుఫాను ఇంకా పుట్టనే లేదు,
అండమాన్ అవతల ఉత్త ఉక్కపోత.
చెప్పలేదు. ఆయన మళ్లీ అల్లుతున్నాడు.

సాయంత్రం ముప్ఫైమందిమి
పడవల్ని సరుగుడు తోట దాకా ఈడ్చాం.
గాలి అప్పటికే ఇసక విసురుతోంది.

కొర్లమ్మ మాత్రం గుమ్మంలో కదలకుండా నిలబడింది.
"మీ ఉపగ్రహం జరిగితే నాకేటి?
నా మేకని మేడెక్కనిస్తారా, లేదా, అది సెప్పు."

జాబితాలో మేకల సంగతి లేదు.
జాకెట్టు విప్పి జేబులో కుక్కుకుని, పద అన్నాను.

షెల్టర్ మెట్లు పదిహేడు.
కడుపుతో ఉన్న మేక, మొదటి మెట్టు దగ్గరే
నాలుగు కాళ్లూ పాతేసింది.
తాడు లాగాం, గడ్డి చూపించాం, తిట్టాం.
చివరికి దండాసి తాత వచ్చి
తోక పట్టుకుని
వెనక్కి లాగాడు.