మొదటి రెక్క

మా నరసాపురంలో ఊతకర్ర పాతినా చిగురిస్తుందంటారు.
నేను పాతింది మాత్రం కుళ్ళిపోయింది.

కడియం నుంచి మొక్కలేసుకొచ్చిన ఆటోవాడు
జానెడున్నర బూడిదరంగు కర్ర చేతిలో పెట్టి
"దేవగన్నేరమ్మా, ఎర్రది, ఎనభై" అన్నాడు.
ఆకు లేదు, మొగ్గ లేదు.
వాపెక్కిన వేలులా ఉంది.
నమ్మాను. డెబ్భైకి నమ్మాను.

పెరట్లో ఒండ్రుమట్టి తవ్వి పాతాను.
రోజూ రెండు చెంబులు పోశాను.
కాలవ గట్టున పుట్టినదాన్ని,
ప్రేమంటే నీళ్ళు పొయ్యడమే అనుకునేదాన్ని.
పన్నెండో రోజు నొక్కి చూస్తే
మగ్గిన సపోటాలా వేలు లోపలికి దిగింది.

లేసు కేంద్రంలో నా పక్కన కూర్చునే జ్ఞానమణి
దారం తెంపకుండా నవ్వింది.
వాళ్ళాయన ఏసోబు ముప్ఫైయేళ్ళు
కడియపులంక నర్సరీలో అంట్లు కట్టిన మనిషి.
ఆదివారం ప్రార్థనయ్యాక ఇంకో కొమ్మ తెచ్చాడు,
కోసిన చోట తెల్లగా పాలు కారుతూ.
"కంట్లో పడనీకు. దీన్ని అరుగు మీద నీడన పడేసి
పది రోజులు మర్చిపో" అన్నాడు.
"గాయం ఆరి చెక్కు కట్టాలి.
పచ్చిగాయాన్ని మట్టిలో పెడితే ఎవరు బతుకుతారు?"

పాత రంగుడబ్బా. అడుగున మేకుతో ఏడు చిల్లులు.
రెండు పాళ్ళు గోదారి ఇసుక, ఒక పాలు మాగిన ఎరువు,
గుప్పెడు కొబ్బరిపీచు.
పాతిన రోజు ఒక్క తడి.
ఆ తరవాత ఆకు విప్పేదాకా చెంబు ముట్టుకోవద్దన్నాడు.
చెయ్యి ఊరుకోదు. చెంబు తీసుకెళ్ళి
జ్ఞానమణి వాళ్ళింట్లో దాచాను.

నలభై రెండో రోజు కొనన పచ్చటి ముక్కు.

ఆకు సాగాక ఏసోబు వెలుగుకు పెట్టి చూపించాడు.
అంచు పొడుగునా ఇంకో సన్నటి ఈనె,
చీరంచుకు మడత కుట్టినట్టు.
"ఈ కుట్టుంది చూడు, ఇది దేవగన్నేరే.
కొన మొనదేలింది కాబట్టి చలికి ఆకంతా దులిపేసుద్ది,
చచ్చిపోయిందని ఏడవకు.
కొన గుండ్రంగా ఉండేది అంతగా రాల్చదు.
పాముపడగ ఆకుది ఇంకో రకం."
మరి రంగు?
"రంగు ఆకు చెప్పదమ్మా."

పుష్యమాసంలో మళ్ళీ కర్రే మిగిలింది.
ఏడవలేదు. కొంచెం ఏడ్చాను.

ఆ పై యేడు
కాలవలు కట్టేసిన నెలలో,
కొళాయి రోజు విడిచి రోజు వచ్చే నెలలో,
నీళ్ళు తాగే మొక్కలన్నీ తలలు వేలేసినప్పుడు,
ఈ మొండిది కొన చీల్చుకుని గుత్తి పెట్టింది.
తెలుపు. గొంతులో పసుపు.

"మోసం, ఎర్రదన్నాడు" అని ఆటోవాణ్ణి తిడుతుంటే
జ్ఞానమణి గుర్తు చేసింది:
వాడిచ్చిన కొమ్మ ఇది కాదు కదా.
వాడి ఎరుపు, నిజమో అబద్ధమో,
నా చెంబులోనే మునిగిపోయింది.

రాత్రి పొద్దుపోయాక వాసన ఎక్కువవుతుంది.
బొటనవేలంత పురుగొకటి వచ్చి
పువ్వు పువ్వుకీ మూతి పెట్టి వెళ్ళిపోతోంది.
ఇందులో తేనె ఉండదట, వాసనేనట.
మా ఏజెంటు కూలి పెంచుతానన్న మాట
ఎందుకో తలపుకొచ్చింది.

రాలిన పువ్వొకటి ఒళ్ళో పెట్టుకుని
లేసులో అల్లుదామని కూర్చున్నాను.
ఐదు రెక్కలు. ప్రతిదీ
పక్కదాన్ని సగం కప్పి, ఇటు పక్కదాని కింద దూరి.
ఏది ముందు అల్లాలి?
ఏది ముందల్లినా దాని కింద
ఇంకా అల్లని రెక్క ఉండాలి.
మూడుసార్లు విప్పాను.
సూది పట్టిన నలభైయేళ్ళలో
ముడి ఎక్కడ మొదలైందో తెలియని పని
ఇప్పుడే చూడ్డం.

కొమ్మ ఆ గుత్తి దగ్గర ఆగిపోయింది.
ఆగిన చోట మూడు కణుపులు ఉబ్బుతున్నాయి.
నీళ్ళు పొయ్యాలా వద్దా
రేపు ఏసోబును అడగాలి.