గేటు వాల్వు

రాత్రి రెండున్నర. అనంతపురం పెద్దాసుపత్రి.
నార్పల ఓబిలేసు బీపీ అరవై బై ముప్పై ఆరు.
మూడు సెలైన్లు తాగినా ఒళ్లు
గరుసు నేల మాదిరే ఉంది.

నార్ అడ్రినలిన్ పంపులో పెట్టినా.
గంటకు ఐదు ఎమ్మెల్.
ఎనిమిది.

"కాళ్లు ఇంకా సల్లబడతాండాయే మేడం"
లింగమ్మక్క పాదాలు రుద్దుతాంది.
"ఒంట్లో నరాలు బిగించే మందక్కా,"
అంతకంటే చెప్పడం చేతకాలేదు.

పంపు కేసి కాసేపు చూసి
"బోర్లో నీళ్లు తగ్గితే
మేమూ పక్క వాల్వులు కట్టేస్తాం," అనింది,
"నడిమి చీనీ చెట్లన్నా బతకాలని."

డెబ్బై. ఎనభై నాలుగు.
మూత్రం సంచిలో
తొలి చుక్కలు, ముదురు పసుపు.

కట్టిన వాల్వు
ఎప్పుడు తిప్పాలో నాకింకా తెలీదు.
ఆమె అడగలేదు.
నల్లబడే బొటనవేలిని
రెండు చేతుల్లో దాచుకొని
రుద్దుతానే ఉంది.