పదిహేడో చానల్

వరద తీసిన మూడో రోజు
కంబర్లాండ్ నది ఒండ్రు ఇంకా గోడలకు పచ్చిగా ఉండగానే
నాష్‌విల్‌లో, రైలు పట్టాల పక్క గిడ్డంగిలోంచి
ముప్ఫై రెండు చానళ్ల కన్సోల్‌ని
ఆరుగురు మోసుకొచ్చి ఎండలో పెట్టారట.
ఫేడర్ల సందుల్లోంచి నీళ్లు.
ఓడెల్ టాకెట్ టోపీ తీయలేదు, ఏమీ అనలేదు.
స్క్రూడ్రైవర్ అడిగాడు.

ఇదంతా నేను విన్నదే.
నేను వచ్చేసరికి పన్నెండేళ్లు గడిచాయి.
బతికి బట్టకట్టినవి ఆరు చానళ్లు.
వాటిని లెక్కల్లోకి దించడం నా పని.
ఒక కొసన సన్నటి ఈల పంపుతాను,
రెండో కొసన ఏం వచ్చిందో రాసుకుంటాను,
ఇరవై హెర్ట్జ్ నుంచి ఇరవై వేల దాకా
డాక్టరు వీపు మీద వేళ్లతో తట్టి చూసినట్టు.

వెనక కుర్చీలో ఓడెల్
ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుస్తుంటాడు.
"పదిహేడు వెచ్చగా ఉంటుంది," అంటాడు.
వెచ్చగా అంటే ఎంత?
"వర్నెల్ గొంతుకి సరిపడేంత."
నా పట్టికలో ఆ గడికి కొలమానం లేదు.

కొలిచాను. నిజమే.
మూడో హార్మోనిక్ కాస్త తలెత్తి ఉంది.
గట్టిగా తోసినా గొంతు పగలదు,
పాకం ముదిరినట్టు చిక్కబడుతుంది.
విప్పి చూస్తే
ఒక రెసిస్టర్ మీద చారల రంగులు వేరు.
టాంకం ముద్దగా, వంకరగా,
నిద్ర చాలని చేతితో వేసినట్టు.

"అది నేనే."
డెబ్బై తొమ్మిది ఆగస్టు, అర్ధరాత్రి.
సరైన ముక్క అట్లాంటాలో ఉంది,
పాడే మనిషి ఇక్కడుంది,
తెల్లారితే ఆమెకి లాండ్రీలో డ్యూటీ.
"పాత రేడియోలోంచి పీకి అతికించా.
రేపు మారుద్దాంలే అనుకున్నా."
ఆ రేపుకి నలభై మూడేళ్లు.

కంపెనీకి పదిహేడు నచ్చింది.
అదే కోడ్‌ని ముప్ఫై రెండు సార్లు అచ్చు వేశాను.
ఓడెల్ చూసి, శెనక్కాయ నమలడం ఆపాడు.
"అన్నీ పదిహేడే అయితే
ఇక పదిహేడని దేన్నంటావు?"

ఆ రాత్రి ఇంటికి పోలేదు.
చచ్చిపోయిన ఇరవయ్యారింటి గురించీ అతను చెప్పాడు, నేను టైప్ చేశాను.
నాలుగు పొడి మనిషి, ఒక్క మాట ఎక్కువ అనదు.
పదకొండు, పక్కింటి గొడవలన్నీ వింటుంది,
పన్నెండులో డ్రమ్స్ కొడితే దీనిలో సన్నగా వినపడుతుంది.
ఇరవై రెండు వానాకాలం అలుగుతుంది.
"ఎంత అలుగుతుంది?"
చెయ్యెత్తి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
కొంచెం ఖాళీ చూపించాడు.
సున్నా పాయింట్ మూడు డెసిబెల్ అని రాసుకున్నాను.
ఇంతకన్నా నాకు రుజువు లేదు.

విడుదలకి ముందు రోజు
హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తెర మీద ఫేడర్ లాగాడు.
వేలు గాజు మీద జారిపోయింది.
"బరువు లేదు," అన్నాడు.
చాలాసేపు విన్నాడు, కళ్లు మూసుకునో, మూసుకోకుండానో,
టోపీ అంచు కింద నాకు కనిపించలేదు.

"ఆ రెసిస్టర్ ఇంకా మార్చలేదేం?"

రేపు మారుద్దాంలే, అన్నాను.